జేబులో చాకు

తెలుగువాడికి చాకు మీద గౌరవం, కత్తి మీద అనుమానం. చురుకైన కుర్రాణ్ణి చూస్తే "చాకులాంటివాడు" అని మెచ్చుకుంటాం. ఇద్దరికి పడకపోతే "కత్తులు నూరుకుంటున్నారు" అంటాం. రెండింటికీ వుండేది వొక అంచూ, వొక పిడీ. అయినా మన భాష వాటిని వేరు చేసి చూసింది. చాకు అన్న మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిందని క్లాసులో చెబుతూంటాను. మాట పరాయిదే గాని వస్తువుతో మన చుట్టరికం పాతదే. తాటాకు మీద గంటంతో రాసిన రోజుల్లో ఆకు అంచులు సరిచేసుకోవడానికి చిన్న కత్తి కావలసి వచ్చేది. తరువాత కలం చెక్కడానికీ, ఆ తరువాత పెన్సిలు చెక్కడానికీ చాకు అవసరమై, పుస్తకాల సంచిలో స్థిరపడింది.

నా జేబులోనూ వొక మడత చాకు వుంటుంది. పార్సెలు మీది పురికొస కోస్తుంది, జవాబు పత్రాల కట్ట విప్పుతుంది, రైల్లో జామకాయను నాలుగు ముక్కలు చేస్తుంది. మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు దాన్ని చూసి, "ఏమండీ, యిది జేబులో పెట్టుకు తిరిగితే పోలీసులు పట్టుకోరూ?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ ప్రశ్నతోనే అంతకు ముందు ఆదివారం మా అక్కయ్యగారింట్లో రాత్రి పన్నెండు దాకా కూచున్నాం.

అక్కయ్య కొడుకు పై చదువుకు ఇంగ్లండు వెడుతున్నాడు. ఇల్లంతా పెట్టెలు, పచ్చళ్ళు, పొడులు. అక్కయ్య కూరగాయల కత్తిని పాత చీరముక్కలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. మావాడు తనకోసం వేరే కత్తి కొనుక్కున్నాడు. నల్లని పిడి, బొటనవేలితో తోస్తే తెరుచుకుని టక్కున బిగుసుకునే నాలుగంగుళాల బ్లేడు.

"ఇదెందుకురా?" అన్నాను.

"రాత్రిపూట పని ముగించుకుని వొంటరిగా రావాలి కదా, మామయ్యా! జేబులో వుంటే ధైర్యం."

అక్కయ్య వైపు చూశాను. ఆవిడకూ ఆ మాట బాగానే వున్నట్టు తోచింది. సముద్రాల అవతలికి పోతున్న కొడుక్కి తోడుగా ఏది వెళ్ళినా తల్లికి యిష్టమే.

నేను వకీలును కాను. కాని చదివిన చట్టాన్ని అర్థం చేసుకునేపాటి ఓపిక భాష చెప్పేవాడికి వుంటుంది. ముందు మన దేశం సంగతి చూశాం. 1959నాటి ఆయుధాల చట్టం, కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైన వస్తువును ఆయుధంగా లెక్కించదు. మామూలు చేతికర్రను ఉదాహరణగా పేర్కొని మరీ వదిలిపెట్టింది. 2016నాటి నిబంధనలు బ్లేడు తొమ్మిదంగుళాలకు మించి పొడవో, రెండంగుళాలకు మించి వెడల్పో వున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. అక్కడా ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర పరిశోధనకూ, పరిశ్రమకూ తయారైనవాటికి మినహాయింపు వుంది. మన కొబ్బరిబొండాల వ్యాపారి చేతి కత్తిని తలుచుకుంటే యీ మినహాయింపు ఎందుకో తెలుస్తుంది. దాన్ని కొలతతో మాత్రమే చూస్తే అతను రోజూ నేరస్థుడే. పనితో చూస్తే దాహం తీర్చే మనిషి.

అలాగని దేశమంతటా వొకే కొలత అనుకోరాదు. ఫలానా ప్రాంతంలో ఫలానా ఆయుధానికి లైసెన్సు కావాలని ప్రకటించే అధికారం ప్రభుత్వానికి వుంది. ఢిల్లీలో 1980లో వచ్చిన ప్రకటన, స్ప్రింగుతోనో బటనుతోనో అలాంటి మరో యంత్ర సాధనంతోనో తెరుచుకునే కత్తులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు హద్దుగా పెట్టింది. ఎన్నికలప్పుడూ, ఊరేగింపులప్పుడూ పోలీసు అధికారులు కత్తులూ కర్రలూ పట్టుకు తిరగరాదని ఉత్తర్వులిస్తారు. ఇక విమానంలో, చేతి సంచిలో ఎంత చిన్న చాకుకైనా చోటు లేదు. దాన్ని విమానం వాళ్ళకు అప్పగించే పెద్ద పెట్టెలోనే వెయ్యాలి.

తరువాత ఇంగ్లండు. 1988నాటి చట్టం ప్రకారం అక్కడ బ్లేడున్న వస్తువు ఏదైనా సరే, తగిన కారణం లేకుండా నలుగురు తిరిగేచోటికి తీసుకుపోవడం నేరం. మినహాయింపు మడత చాకుకు మాత్రమే, అదీ కోసే అంచు మూడంగుళాలు దాటకుండా వుంటే. తెరిచాక బిగుసుకుపోయి, మీట నొక్కితేగాని మడత పడని చాకు అసలు మడత చాకే కాదని అక్కడి హైకోర్టు తేల్చింది. స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే కత్తుల తయారీని, అమ్మకాన్ని ఆ దేశం 1959లోనే నిషేధించింది. మన ఆయుధాల చట్టం పుట్టిన ఏడాది కూడా అదే. 2019లో చేసిన చట్టంతో అలాంటిదాన్ని ఇంట్లో దాచుకోవడమూ నేరమైంది.

మావాడు తన నల్లపిడి కత్తి తీసి స్కేలు పెట్టి కొలిచాడు. పొడవులో తప్పింది. బిగుసుకోవడంలో తప్పింది.

"పోనీ, మూడంగుళాల లోపుది, బిగుసుకోనిది కొంటాను. అప్పుడు ధైర్యానికి పెట్టుకోవచ్చుగా?" అన్నాడు.

అసలు ముడి అక్కడుంది. 1953నాటి మరో చట్టం మనిషి ఉద్దేశాన్ని చూస్తుంది. ఎదుటివాణ్ణి గాయపరచాలనే ఆలోచనతో పెట్టుకుంటే రెండంగుళాల చాకు కూడా ఆయుధమే. "ఎవరైనా మీద పడితే పనికొస్తుందని" అన్న జవాబు అక్కడి పోలీసుల ముందు సమర్థన కాదు, దాదాపు ఒప్పుకోలు. బహిరంగంగా కత్తి పెట్టుకు తిరిగిన నేరానికి నాలుగేళ్ళ దాకా జైలు పడవచ్చు. అప్పుచేసి చదువుకు వెళ్ళిన పిల్లవాడికి నాలుగేళ్ళు అక్కరలేదు. కేసు రుజువైతే చదువూ వీసా రెండూ ప్రమాదంలో పడతాయి. ధైర్యం కోసం కొన్న వస్తువే జీవితాంతం భయం పెట్టగలదు. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా?

ఆ మాట విన్నాక అక్కయ్యే లేచి ఆ కత్తి తీసి బీరువాలో పెట్టింది. "వొంటరిగా రాకురా, నలుగురితో కలిసి రా. దీపాలున్న దారిన రా. నాకు ఫోను చేస్తూ నడు, నేను మేలుకునే వుంటాను" అంది. అంతకు మించిన ఆత్మరక్షణ ఉపాయం నాకూ తోచలేదు.

చివరికి అతని పెద్ద పెట్టెలోకి వెళ్ళింది యాభై ఎనిమిది మిల్లీమీటర్ల పిడివున్న చిన్న స్విస్ చాకు. చిన్న బ్లేడు, బుల్లి కత్తెర, గోళ్ళ ఆకురాయి వున్నాయి. బ్లేడు బిగుసుకోదు. ఆ స్విస్ చాకుల్లోనే నూట పదకొండు మిల్లీమీటర్ల రకానికి పెద్ద బ్లేడు బిగుసుకుంటుంది, అందుకని దాని జోలికి పోలేదు. కూరగాయల కత్తి కూడా వెళ్ళింది. అయితే దాని సరిహద్దు వంటిల్లని అక్కయ్య మూడుసార్లు చెప్పింది.

చాకు కొనదలచినవారు నాణ్యతకు ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. బ్లేడు ఎంత పొడవు? తెరిచాక బిగుసుకుంటుందా? స్ప్రింగుతో తెరుచుకుంటుందా? తీసుకుపోయే ఊళ్ళో వున్న నిబంధన ఏమిటి? వీటన్నిటికీ ముందు, దాంతో చేసే పని ఏమిటో తనకు తాను చెప్పుకోవాలి. పెన్సిలు, పురికొస, జామకాయ అని పేరు పెట్టి చెప్పగలిగితే అది చాకు. చెప్పడానికి తడబడితే ఎంత చిన్నదైనా అది కత్తే, దాన్ని అంగట్లోనే వదిలి రావడం మంచిది.