గనిలో గుర్తొచ్చిన అవ్వ

జొహానెస్‌బర్గ్‌లోని గోల్డ్ రీఫ్ సిటీ ఒక థీమ్ పార్కు. దాన్ని పాత బంగారు గని ఉన్న చోటే కట్టారు. సెలవుల్లో మా అమ్మాయితో ఆ గని చూడటానికి వెళ్లాను.

దీపాలున్న హెల్మెట్లు పెట్టుకుని లిఫ్టులో కిందికి దిగాం. 1886లో ఈ ప్రాంతంలో బంగారం దొరికిన కథ గైడు చెప్పాడు. కూలీలు ఎన్నో భాషలవాళ్లు. అందుకే గనిలో అందరికీ 'ఫనగలో' నేర్పేవారట. తవ్వు, మొయ్యి, పద... ఎక్కువగా పని చెప్పే మాటలే.

ఆ భాష మా అవ్వకూ వచ్చు. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా నాటాల్ వచ్చిన మనవాళ్లలో చాలామంది దాన్ని నేర్చుకున్నారు.

"మరి అవ్వ నీతో తెలుగులో ఏమనేది?" అంది మా అమ్మాయి.

"రా, తిను, పడుకో."

"అవీ పని చెప్పే మాటలేగా!"

నిజమే. కానీ గనిలో మాట పని కోసం, అవ్వ మాట నా కోసం. "నువ్వు తిన్నావా, అవ్వా?" అని తిరిగి అడగడం అప్పట్లో నాకు రాలేదు. ఇప్పుడు వచ్చు, అవ్వ లేదు.

పైకి వచ్చాక, భోజనం దగ్గర, ఆ ప్రశ్న మా అమ్మాయికి నేర్పాను.