సముద్రం వైపు బల్ల

పెళ్ళిచూపులంటే మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. వర్లీ బి.డి.డి. చాళ్ళలో మా గది 160 చదరపు అడుగులు. చూడవచ్చేవారున్నారంటే ముందురోజే మంచం విప్పి నడవాలో నిలబెట్టేవారు. పక్కగదివారి జంపఖానా, ఎదురుగదివారి కప్పులూ సాసర్లూ మా గదిలోకి వచ్చేవి. ఉప్మా, ఒక మిఠాయి, టీ. ఇది ఏర్పాటు. అరువు తెచ్చిన కప్పులను బట్టే ఎవరింట్లో ఏమి జరుగుతున్నదో చాళ్ళో అందరికీ తెలిసిపోయేది.

అటువంటి గదిలో పెరిగిన నేను, ఈమధ్య నా కూతురి పెళ్ళిచూపులకు తాజ్‌మహల్ హోటలుకు వెళ్ళవలసివచ్చింది. మనవాళ్ళలో పిల్లల పెళ్ళి ప్రయత్నాల్లో ఉన్నవారు చాలామంది ఉంటారు కనుక, ఆ సాయంత్రం సంగతి చెప్పుకుంటే తప్పులేదనుకుంటాను.

అబ్బాయి తరపువారిది షోలాపూరు. తాతల కాలంలో మగ్గం చేతబట్టుకుని తెలంగాణం నుంచి వచ్చిన కుటుంబం, మా వంటిదే. ఇప్పుడు బొంబాయిలో ఉద్యోగాలు. (1995లో ఊరిపేరు ముంబయి అయింది గాని, నా నోటికి బొంబాయే అలవాటు.) అబ్బాయి తండ్రి ఫోను చేసి, "తాజ్‌లో సీ లౌంజి ఉంది గదండీ, అక్కడ కలుద్దాం. పిల్లలు మాట్లాడుకుంటారు, మనమూ టీ తాగుదాం. నచ్చకపోతే ఎవరి గుమ్మం ఎవరూ తొక్కినట్టుండదు" అన్నారు.

మాట సబబుగానే తోచింది. ఆ సీ లౌంజిలో కిటికీ పక్క బల్లల దగ్గర పెళ్ళిచూపులు జరుపుకోవడం బొంబాయి కుటుంబాలకు ఎంతోకాలంగా ఉన్న అలవాటే. అమ్మాయి కూడా సరేనంది. ఒప్పుకోనిది మా బాపు ఒక్కడే.

"గుమ్మం తొక్కకుంట సంబంధమేందిరా? మనకు ఇల్లు లేదా?" అన్నాడు.

డోంబివిలీలో మాకు ఇప్పుడు రెండు గదుల ఇల్లుంది. వచ్చినవారిని కూర్చోబెట్టడానికి సొంత కుర్చీలున్నాయి. జీవితమంతా కష్టపడి సంపాదించిన ఆ కుర్చీలలో ఎవరూ కూర్చోకపోతే ఎలా అన్నది ఆయన బాధ.

బాపుకు ఇప్పుడు ఎనభైనాలుగేళ్ళు. పదిహేడో ఏట కరీంనగరు వైపు నుంచి వచ్చి వర్లీ మిల్లులో సాంచాల మీద చేరాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు పనివారు బయటికి వచ్చారు. వారిలో చాలామంది మళ్ళీ లోపలికి పోనేలేదు. బాపు వారిలో ఒకడు. దరిమిలా భివండీ పవర్‌లూములలో పనిచేసి మమ్మల్ని చదివించాడు.

మిల్లు రోజులలో ఎప్పుడైనా ఆదివారంనాడు మమ్మల్ని బస్సులో గేట్‌వే దగ్గరికి తీసుకువెళ్ళేవాడు. సముద్రపు గోడ మీద కూర్చుని కాగితం పొట్లాలలో భేల్ తినడం, ఎదురుగా ఉన్న హోటలు కిటికీలు లెక్కబెట్టడం మా వినోదం. "గీ హోటలు ఎనుకది ముందట, ముందటిది ఎనుక కట్టిన్రు. గది చూసి దాని మేస్త్రీ పాణం తీసుకున్నడు" అని ప్రతిసారీ చెప్పేవాడు. బొంబాయిలో సగంమంది నమ్మే ఈ మాట వట్టి కథ. అసలు ద్వారం మొదట నగరం వైపే ఉండేది, కావాలనే అలా కట్టారు. గేట్‌వే ముందు, హోటలు తరువాత అని కూడా బాపు అనుకునేవాడు. నిజానికి జంషెట్‌జీ టాటా కట్టించిన ఆ హోటలు 1903 డిసెంబరు 16న తెరుచుకున్నది. గేట్‌వే పూర్తి అయినది 1924లో. పక్కనున్న ఎత్తయిన కట్టడం 1973 నాటిది.

ఇన్నేళ్ళలో మేము ఒక్కసారి కూడా రోడ్డు దాటి ఆ గుమ్మం దాకా పోలేదు. ఎవరైనా అడ్డగించారా అంటే, లేదు. పోయి చూస్తే గదా అడ్డగించడానికి!

చివరికి బాపును ఒప్పించింది మనుమరాలు. "తాతా, నువ్వు రాకుంటే నేను గూడ పోను" అన్నది. ఆయన కాసేపు ఊరుకుని, "పోదాం తియ్యి. ఒట్టి చేతులతోని మాత్రం పోవద్దు" అన్నాడు. మా ఆవిడ రాత్రి కూర్చుని సకినాలు చుట్టింది.

ఆ ఆదివారం లోకల్లో బోరీబందరు దిగి, టాక్సీలో అపోలో బందరు చేరుకున్నాం. బాపు తెల్లధోవతి, లాల్చీ, చేతిలో సకినాల డబ్బా. 2008 నవంబరు 26న ఆ హోటలు మీద జరిగిన దాడి అందరికీ జ్ఞాపకమే. పాతభవనం బాగుచేసి మళ్ళీ తెరవడం 2010 ఆగస్టు 15న గాని కుదరలేదు. అప్పటినుంచి లోపలికి వెళ్ళే ప్రతివారి సంచీ యంత్రంలో పరీక్ష కావలసిందే. మా డబ్బా కూడా ఆ యంత్రంలోకి వెళ్ళింది. తెరమీద గుండ్రంగా చుట్టలు చుట్టలుగా కనిపించే ఆ వస్తువేమిటో కాపలా అతనికి తెలియలేదు. బాపు మూత తీసి చూపించి, "ఖానే కా చీజ్ హై భాయ్" అన్నాడు. అతను నవ్వి, నమస్కారం పెట్టి పంపాడు. అదే ఆ హోటల్లో బాపు ఆడిన మొదటి మాట. ఆ తరువాత ఆయనలో బెరుకు కొంత తగ్గింది.

సీ లౌంజి మొదటి అంతస్తులో ఉంది. పెద్ద కిటికీలు, కిటికీల నిండా సముద్రం, కింద గేట్‌వే, ఎలిఫెంటాకు పోయే పడవలు. అబ్బాయి తరపువారు ముందే వచ్చి కిటికీ బల్ల పట్టి ఉంచారు. అబ్బాయి, తల్లిదండ్రులు, షోలాపూరు నుంచి వచ్చిన నాయనమ్మ. నమస్కారాలయ్యాక అందరమూ మూగబోయాం. ఇంట్లో అయితే "కాళ్ళు కడుక్కోండి" అనో, "మంచినీళ్ళు తీసుకోండి" అనో ఏదో ఒకటి అంటాం. ఇక్కడ ఆ మాటలన్నీ వడ్డనచేసే అతనే ఇంగ్లీషులో అనేశాడు.

టీ వచ్చింది. కెటిల్ వేరు, పాలు వేరు, చక్కెర వేరు, వడగట్టడానికి చిన్న జల్లెడ. మాకు అన్నీ కలిపి మరగబెట్టిన టీ అలవాటు. ఎవరి టీ వారు కలుపుకోవాలంటే చేతులు తడబడ్డాయి. బాపు ఆ సంగతి పట్టించుకోలేదు. ఒళ్ళో వేసుకోవలసిన తెల్లగుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రాస్తూ కూర్చున్నాడు. తిరగేసి అంచు చూశాడు. "నేత మంచిగున్నది" అన్నాడు.

ఎదుటనున్న నాయనమ్మ చప్పున తన గుడ్డ ఎత్తి చూసింది. "అవునన్నా, పోగు సమంగ పడ్డది. మా ఆయన గూడ దుప్పటి నేస్తే గిట్లనే నేసేటోడు" అన్నది.

ఇక చెప్పేదేముంది! షోలాపూరు దుప్పట్లు, వర్లీ మిల్లులు, భివండీ సాంచాలు, ఏ ఊళ్ళో ఎవరి ఇంటిపేరు ఏమిటి, అన్నీ ఆ బల్లమీదికి వచ్చాయి. వారి తెలుగులో మరాఠీ ఎంత కలిసిందో మా తెలుగులోనూ అంతే కలిసింది కనుక ఒకరినొకరు సరిదిద్దుకునే పని లేకపోయింది.

తినుబండారాలు మనమే వెళ్ళి పళ్ళెంలో పెట్టుకు తెచ్చుకోవాలి. దోసకాయ ముక్కల సాండ్‌విచ్‌లు, మీగడతో తినే బన్నుల వంటివి, కేకులు. వాటితోబాటు భేల్, సేవ్‌పూరీ! బాపు పింగాణీ పళ్ళెంలో భేల్ తెచ్చుకుని కిటికీలోంచి కిందనున్న గోడ వంక చూశాడు.

"చూస్తివారా, గా గోడ మీద తిన్నదే ఇది."

"రుచి ఎట్లున్నది బాపూ?"

"మంచిగనే ఉన్నది. కారం తక్కువైంది" అన్నాడు.

పిల్లలిద్దరూ కొంచెం దూరంగా వేరే బల్లకు వెళ్ళి గంటసేపు మాట్లాడుకున్నారు. ఇంగ్లీషు కొంత, మరాఠీ కొంత వినిపించాయి. మధ్యలో ఒకసారి అబ్బాయి, "తాతగారి డబ్బాలో ఏమున్నయి?" అని తెలుగులో అడగడం నాకు స్పష్టంగా వినబడింది. ఇంకేమి అడిగాడో నాకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా.

ఇక బిల్లు సంగతి. నేను ముందురోజునుంచీ దానినే తలుచుకుంటున్నాను. మనిషికి వేలలో ఉంటుందని తెలుసు. మిల్లులో బాపు నెలంతా పనిచేసి తెచ్చిన జీతం, అక్కడ ఒక్కరి టీకి సరిపోదు. అయినా ఆడపిల్లవారం, ఖర్చు మాది అనుకుని జేబులో కార్డు సిద్ధంగా పెట్టుకున్నాను. అబ్బాయి తండ్రి "పిలిచింది మేము గదా" అని తన కార్డు తీశాడు. మేమిద్దరమూ వాదులాడుకుంటుంటే, బిల్లు అప్పుడే చెల్లిపోయిందని వడ్డనచేసే అతను చెప్పాడు. పిల్లలిద్దరూ సగం సగం వేసుకుని ఇచ్చేశారట!

బాపు ముఖం గంభీరమైంది. ఆడపిల్ల పెళ్ళిచూపుల ఖర్చు ఆడపిల్లే ఇవ్వడం, దానిలో సగం మగపిల్లవాడు పంచుకోవడం ఆయన వినని సంగతి. కోపమేమో అనుకున్నాను. కాసేపటికి ఆయన నాయనమ్మ వైపు తిరిగి, "ఇచ్చుడు తీసుకునుడు గిప్పటినుంచే సమానం చేసిన్రు. ఇగ మనం కట్నం మాట ఎట్ల ఎత్తుతమమ్మా?" అన్నాడు. ఆమె పెద్దగా నవ్వింది. ఆ మాట ఎత్తాలని వారి మనసులో ఉన్నదో లేదో గాని, ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

లేచేటప్పుడు బాపు డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాసన చూసి, "సకినాలా! వాము బాగ వేసిన్రు" అని, "డబ్బా ఒట్టిగ తిరిగియ్యొద్దు గదా. వచ్చే ఐతారం మీ ఇంటికే తెస్తం" అన్నది.

బయటికి వచ్చి గోడ దగ్గర కాసేపు నిలబడ్డాం. దీపాలు వెలిగాయి. బాపు పైకి చూస్తూ, "మనం కూసున్న కిటికీ ఏదిరా?" అని అడిగాడు. నేను ఒకటి చూపించాను. ఆయన ఇంకొకటి అన్నాడు. అది తేలకుండానే టాక్సీ దొరికింది.

అన్నట్టే ఆదివారంనాడు వారు డోంబివిలీ వచ్చారు. డబ్బా నిండా షోలాపూరు సెంగల చట్నీ పొడి ఉంది. మా కుర్చీలు ఒకటి తక్కువైతే పక్కవారిని అడిగి తెచ్చాం. బాపుకు అదీ సంతోషమే.

మనవాళ్ళెవరైనా అటువంటి చోటికి వెళ్ళదలచుకుంటే నా సలహా ఒకటే. ముందుగా ఫోను చేసి బల్ల చెప్పుకోండి, కిటికీ పక్కది అడగండి. బిల్లు సంగతి పిల్లలకు వదిలేయండి. ఇంట్లో పెద్దవారుంటే వారిని మాత్రం వదిలి వెళ్ళకండి.

సంబంధం కుదిరిందా అంటారా? పిల్లలు ఇంకో నెల గడువు అడిగారు. శుభలేఖ అచ్చయితే ఈ పత్రికకు ఒకటి తప్పక పంపుతాను.