యాబ్లొనెట్స్‌లో పేరులేని నగలు

ప్రాగ్ నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు బస్సులో వెళ్తే యిజెరా కొండల నడుమ యాబ్లొనెట్స్ వస్తుంది. ఎత్తుపల్లాల వీధులు, పాతకాలపు మేడలు, చల్లటి గాలి. చూడటానికి మామూలు ఊరే. కానీ పాత గిల్టు నగలంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది పుట్టినిల్లు. నగల ప్రపంచం దీన్ని చాలాకాలం గాబ్లోంజ్ అనే జర్మన్ పేరుతోనే ఎరిగింది.

నేను వెళ్లింది ఒక ప్రశ్న పట్టుకుని. వెనక ఏ ముద్రా లేని పాత నగను ఫలానావాళ్లు చేశారని ఎలా చెప్పడం? అమెరికా నగలతో ఈ చిక్కు కొంత తక్కువ. ట్రిఫారీ, కోరో లాంటి కంపెనీలు నగ వెనక పేరు కొట్టించేవి. గిల్టు నగ డిజైన్‌కూ కాపీరైట్ వర్తిస్తుందని 1955లో ట్రిఫారీ వేసిన కేసులో న్యూయార్క్ కోర్టు ఒప్పుకుంది. ఆ తర్వాత పేరు పక్కన కాపీరైట్ గుర్తు వేయడం మామూలైంది. కాబట్టి కాలమైనా తెలుస్తుంది. యాబ్లొనెట్స్ ఉన్న బొహీమియా ప్రాంతపు నగకు ఆ దారి లేదు. మహా అయితే కొక్కెం మీద సన్నటి అక్షరాల్లో ‘చెకొస్లొవాకియా’ అని ఉంటుంది. అంటే 1918 తర్వాతిదని అర్థం. చాలావాటికి అదీ ఉండదు.

గాజు, నగల మ్యూజియం 1904లో కట్టిన ఒక ఎగుమతి సంస్థ భవనంలో ఉంది. అందులో నన్ను కదలనివ్వనివి మెరిసే హారాలు కావు, నమూనా అట్టలు. అట్ట మీద వరసగా పూసలో, బొత్తాలో, రాళ్లో కుట్టి ఉంటాయి. ఒక్కో వస్తువు కింద ఒక నంబరు. చేసినవాళ్ల పేరు మాత్రం ఉండదు. ఆ అట్టలు పట్టుకుని దేశదేశాలు తిరిగి ఆర్డర్లు తెచ్చింది ఎగుమతి వర్తకులు. సరుకు ఏ కొండపల్లెలో, ఎవరింట్లో తయారవుతుందో కొనేవాడికి తెలిస్తే మధ్యలో వర్తకుడి అవసరం ఏముంటుంది? రహస్యమే అక్కడి వ్యాపారానికి పెట్టుబడి. ఈ ఊరి దగ్గరి పల్లెలోనే 1862లో పుట్టిన డానియెల్ స్వారోవ్‌స్కీ, రాళ్లు సానపట్టే తన యంత్రం కిటుకు పొరుగువాళ్ల కంట పడకూడదని 1895లో ఆస్ట్రియాలోని వాటెన్స్‌కు తరలిపోయాడు.

అసలు చేసినవాడు అని ఒక్కరిని చూపించడమే కష్టం. రీడెల్ కుటుంబం కొలుముల్లో రంగురంగుల గాజు కడ్డీలు తయారయ్యేవి. పల్లెల్లో రైతులు ఆ కడ్డీని నిప్పు మీద మెత్తబరిచి, కొసన అచ్చు ఉన్న పట్టకారుతో నొక్కి పూసలు తీసేవారు. సానపట్టేది ఇంకో ఇల్లు. ఇత్తడి రేకును అచ్చులో కొట్టేది మరొకరు, రాళ్లు పొదిగేది ఒకరు, మెరుగు పెట్టేది ఇంకొకరు. ఒక్క బ్రోచ్‌లో అయిదారు కుటుంబాల పని ఉంటుంది.

ఊళ్లో ఒక పాత సామాన్ల దుకాణంలో ఒక హారం చేతికిచ్చారు. ముందువైపు మీనా పూలు, మధ్యలో పచ్చటి గాజు బిళ్ల. తిప్పి చూశాను. తీగె పనిలా కనిపించేదంతా అచ్చులో కొట్టిన పల్చటి ఇత్తడి రేకే. రాయిని పట్టుకున్న కాళ్లు విడిగా అతికినవి కావు, అదే రేకు నుంచి పైకి వంచినవి. పూస మీద వేలు పోనిస్తే అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత తగిలింది. దుకాణదారు నీలలోహిత కాంతి టార్చి వేశారు. గాజు బిళ్ల ఒక్కసారిగా ఆకుపచ్చగా వెలిగింది. యురేనియం కలిపిన గాజు. రీడెల్‌వాళ్లు 1830ల నుంచే దాన్ని చేశారు. ఇతర దేశాల్లోనూ చేశారు కాబట్టి ఆ వెలుగు ఒక్కటే దేన్నీ రుజువు చేయదు.

ధర చీటీ మీద మాత్రం ‘నైగర్’ అని రాసి ఉంది. మాక్స్, నోర్బర్ట్ నైగర్ అనే అన్నదమ్ములు ఈ ఊళ్లో ఈజిప్టు, చైనా బొమ్మలతో, మీనా పనితో చాలా అందమైన నగలు చేశారు. ముద్ర వేయలేదు. యూదులు కావడంతో నాజీల హయాంలో చంపబడ్డారు. ఇప్పుడు మీనా పని, ఇత్తడి రేకు కనిపిస్తే చాలు, వాళ్ల పేరు తగిలించి ధర పెంచుతున్నారు. అవే రేకులు, అవే అచ్చులు ఊళ్లో పదిమంది దగ్గర ఉండేవి. ఆధారం లేకుండా ఆ పేరు వాడటం వాళ్లకు గౌరవం కాదు, మిగతావాళ్లకు న్యాయమూ కాదు.

1945 తర్వాత చిక్కు ఇంకా ముదిరింది. ఇక్కడి జర్మన్లను దేశం నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామంది జర్మనీలో బవేరియాలోని కౌఫ్‌బాయ్‌రెన్ పక్కన, పాత మందుగుండు ఫ్యాక్టరీ స్థలంలో నోయ్‌గాబ్లోంజ్ అనే కొత్త ఊరు కట్టుకుని అదే పని మొదలుపెట్టారు. కొందరు ఆస్ట్రియా చేరారు. ఇక్కడ పరిశ్రమ ప్రభుత్వపరమైంది. అలా ఒకే చేతి పనితనం మూడు దేశాల్లోకి చీలిపోయింది.

మనకూ ఈ కొండలతో బంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇండియా దిగుమతి చేసుకున్న గాజుల్లో, పూసల్లో పెద్ద వాటా ఆస్ట్రియా-హంగరీది. ఈ ప్రాంతం అప్పట్లో ఆ రాజ్యంలోదే, కాబట్టి ముఖ్యంగా ఈ పల్లెలది. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలోనూ గిల్టు నగ ఇలాగే పలుచేతులు మారి తయారవుతుంది. చేసినవాళ్ల పేరు నగ మీద ఉండదు.

నా అభిప్రాయం ఇది: ముద్ర లేని నగకు ముందు కాలం, తర్వాత ప్రాంతం నిర్ణయించాలి. నమూనా అట్టో, అచ్చో, పేటెంట్ కాగితమో దొరికితేనే పేరు పెట్టాలి. మీ ఇంట్లో అమ్మమ్మల నాటి గిల్టు నగలుంటే ఎక్కడ కొన్నారో, ఏ ఏట కొన్నారో పెద్దవాళ్లను అడిగి ఒక చీటీ మీద రాసి వాటితో పాటే ఉంచండి. పాత డబ్బా, దుకాణం రసీదు పారేయకండి.