ఆహార్యం

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వీటిలో ఆహార్యమంటే వేషం, ఆభరణాలు, రంగులు, రంగస్థలం మీది సరంజామా. పలికే మాట అదే అయినా కిరీటం మారితే చూసేవాడి మనసులో పాత్ర మారిపోతుంది. రాతలను ఒకచోట భద్రపరచి, అడిగినవారికి పుటలుగా కూర్చి చూపే వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థలలో ‘థీము’ అని పిలిచే పొరకు ఇంతకంటే తగిన తెలుగు మాట నాకు దొరకలేదు. ‘మూస’ అందామంటే తెలుగు వికీపీడియా ఆ మాటను టెంప్లేటుకు ఎప్పుడో ఇచ్చేసింది. పైగా మూసలు ఈ పొరలో ఒక భాగం మాత్రమే.

చాలామంది దీన్ని రంగులద్దే పనిగానే చూస్తారు. నీలం బాగుందా, ఆకుపచ్చ బాగుందా, పక్కపట్టీ ఎడమన ఉండాలా కుడినా అన్నంతవరకే చర్చ. నాకు మాత్రం, ఒక భాష తెర మీద ఎలా నిలబడాలో తేల్చే నిర్ణయాలు ఎక్కువభాగం ఇక్కడే జరుగుతాయనిపిస్తుంది. ఆ నిర్ణయాలు చేసినవారిలో చాలామంది మన లిపిని ఎన్నడూ చూసి ఉండరు.

ముందు దీని నడక ఏమిటో చూద్దాం. చదువరి ఒక చిరునామా అడుగుతాడు. వ్యవస్థ ఆ చిరునామాను విప్పి, ఏ రాతలు కావాలో అర్థం చేసుకుని, దత్తాంశనిధి నుంచి వాటిని తీసుకువస్తుంది. అప్పటికి అవి వట్టి అక్షరాలు. ఇక వాటికి తగిన మూసను వెతకాలి. ‘కవిత్వం’ అనే వర్గపు పుటను అడిగారనుకోండి. ఆ వర్గం పేరుతోనే ప్రత్యేకమైన మూస ఉందా? లేకపోతే ఆ వర్గపు సంఖ్యతో ఉందా? అదీ లేకపోతే అన్ని వర్గాలకూ కలిపి ఒకటుందా? పాత రాతల జాబితాలన్నిటికీ చెల్లే మూస ఉందా? ఏదీ లేకపోతే చివరికి ఇండెక్స్ అనే ఫైలు. ఊళ్ళో దిగిన చుట్టం ముందు మేనత్తగారింటికి, అక్కడ తాళం ఉంటే పెదనాన్నగారింటికి, వారూ లేకపోతే సత్రానికి వెళ్ళినట్టు. ఆ సత్రం తలుపు మాత్రం ఎప్పుడూ మూసి ఉండదు.

అన్నట్టు, వర్గం పేరు తెలుగులో ఉంటే ఒకప్పుడు ఈ వెతుకులాటలో తమాషా ఉండేది. చిరునామాలో ఒక్కొక్క తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిసి తొమ్మిది రోమను గుర్తులుగా మారిపోతుంది. ‘కవిత్వం’ అనే మాటలో సంకేతాలు ఏడు, అంటే అరవైమూడు గుర్తుల తోక! ఆ వర్గానికి ప్రత్యేకంగా మూస చేసుకోవాలంటే ఫైలుకు ఆ తోక మొత్తం తగిలించాలి, లేదా వర్గపు సంఖ్యను నమ్ముకోవాలి. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 నుంచి ఫైలు పేరులోనూ తెలుగు అక్షరాలే ఉంచవచ్చు. ఇది తెలిసిన రోజున ఏ అవసరమూ లేకపోయినా ఒక ఫైలుకు తెలుగులో పేరు పెట్టి కాసేపు చూసుకున్నాను.

వర్డ్‌ప్రెస్ తొలి విడుదల 2003 మేలో. 2005 ఫిబ్రవరిలో వచ్చిన 1.5 లోనే ఈ ఆహార్యపు పొర వేరే సంచిగా విడివడింది. దానితో వచ్చిన క్యూబ్రిక్ అనే నీలి తలకట్టు థీము 2010లో 3.0 వచ్చేదాకా అందరికీ తొలి వేషం. అందులో రాత ఉండే నిలువు సన్నం, రెండు అంచులూ సమంగా సర్దే ఏర్పాటు, లుసిడా గ్రాండే, వెర్డానా వంటి ఖతుల జాబితా. ఆ ఖతులలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అందువల్ల విహారిణి జాబితా అంతా తిరిగి, ఉత్త చేతులతో వచ్చి, కంప్యూటరులో ఏ తెలుగు ఖతి ఉంటే దాన్ని తెచ్చేది. విండోస్ ఎక్స్‌పీ ఉంటే గౌతమి. మన పదాలు ప్రత్యయాలతో సంధులతో పొడుగ్గా సాగుతాయి కదా, సన్నని నిలువులో రెండంచులూ సమం చేయబోతే మూడు మాటల మధ్య మూడు వీధులు పడేవి. అక్షరానికి కింద వేలాడే వత్తుల సంగతి సరేసరి. ‘రాష్ట్రం’ అనే మాటను ఇరుకు పంక్తులలో పెట్టి చూడండి, కింద పంక్తిలోని గుడిదీర్ఘం ఆ వత్తులలోకి కొమ్ములు దూరుస్తుంది. రోమను అక్షరాలకు విశాలంగా తోచే ఎడం మనకు ఊపిరాడనిది.

ఇవన్నీ నేను తీరుబడిగా నేర్చుకున్నవి కావు. మా మేనమామ తెనాలి దగ్గర ఒక పల్లెలో తెలుగు పండితుడిగా చేసి విరమించారు. గ్లాకోమా వల్ల ఒక కంటి చూపు దాదాపు పోయింది, రెండోదాని గురించి వైద్యులు ఏ హామీ ఇవ్వలేదు. ఆయన పద్యాలు నాలుగు నోటుపుస్తకాల నిండా ఉన్నాయి. చూపు ఉండగా వాటిని ఒకచోట చూసుకోవాలని ఆయన కోరిక. ఎక్కించడం మొదలుపెట్టాక, మా అబ్బాయి ఫోనులో మొదటి పుట తీసి ఆయన చేతికిచ్చాడు. కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “ఏమిరా అబ్బాయీ, నా ఉత్పలమాలకు ఎనిమిది పాదాలు మొలిచాయేమిటి? సాలెపురుగనుకున్నావా?” అన్నారు.

ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. ఫోను వెడల్పులో అవి పట్టవు. పాదం మడతపడి మిగిలిన ముక్క కింద పంక్తికి దిగింది, దిగి సరిగ్గా ఎడమ అంచునే నిలబడింది. పద్యం చదవడం అలవాటైన కన్ను ముందుగా ఎడమ అంచున నిలువుగా జారుతుంది, రెండో అక్షరంలో ప్రాస కోసం. అక్కడ ఒక పంక్తి విడిచి ఒక పంక్తిలో ప్రాస తప్పుతోంది! అక్షరం పొల్లుపోకుండా ఎక్కించిన పద్యం ఛందోభంగమైనట్టు కనిపించింది. వాచికం శుద్ధంగా ఉంది, ఆహార్యమే దాన్ని చెరిపింది.

దీనికి సులువైన దారి ఒకటుంది. పద్యం నడుమ ఖాళీలూ అడ్డగుర్తులూ చొప్పించి ఆ ఒక్క తెరకు సరిపెట్టడం. అలా చేస్తే రేపు ఇంకో తెరలో ఇంకోలా విరుగుతుంది, మూలంలో మాత్రం చెత్త శాశ్వతంగా మిగులుతుంది. రాతలో వేషం కలపకూడదన్నది ఈ వ్యవస్థ పెట్టుకున్న నియమాలలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది. కనుక వాడుతున్న థీముకు పిల్లథీము ఒకటి చేశాను. వేరే సంచి, అందులో శైలి ఫైలు, దాని నెత్తిన తల్లి పేరు. తల్లి థీముకు కొత్త రూపాంతరం వచ్చినా పిల్లలో రాసుకున్నవి చెరిగిపోవు.

అందులో పద్యానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఎడమవైపు రెండక్షరాల మేర ఖాళీ ఇచ్చి, మొదటి పంక్తిని మాత్రం అంతే వెనక్కి లాగాలి. అప్పుడు మడతపడిన ముక్క లోపలికి జరిగి నిలుస్తుంది, పాదాల మొదళ్ళు మాత్రమే అంచున ఉంటాయి. చిక్కేమిటంటే ఈ వెనక్కి లాగడమనేది ఒక పెట్టెలోని మొదటి పంక్తికే వర్తిస్తుంది. నాలుగు పాదాలూ ఒకే పెట్టెలో ఉంటే తొలిపాదం ఒక్కటే బాగుపడుతుంది. అందుకని పద్యాన్ని తెర మీదికి పంపే క్షణంలో, పాదానికొక పెట్టె కట్టే చిన్న జల్లెడను పిల్లథీములోని ఫంక్షన్స్ ఫైలులో రాశాను. దత్తాంశనిధిలో పద్యం నాలుగు పంక్తులుగానే ఉంటుంది. పెట్టెలు చూసేవేళ పుట్టి చూశాక పోతాయి.

సీసపద్యానికి ఇదే పనికిరాదు. మనవాళ్ళు సీసపాదాన్ని రెండు పంక్తులుగా అచ్చువేయడం అలవాటు, అక్కడి విరుపు న్యాయమైనదే. దానికి వేరే తరగతి, కింద గీతానికి మళ్ళీ మొదటిదే. వాలు అక్షరాలను మొత్తానికే తీసేశాను. తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు, విహారిణి బలవంతంగా పక్కకు వంచి చూపుతుంది, అంతే. ఈ నియమాలన్నీ తెలుగు అని భాషాసూచిక ఉన్న భాగాలకే వర్తించేట్టు కట్టాను. ఆయన అక్కడక్కడ ఉదహరించే ఇంగ్లీషు వాక్యాలు తమ పద్ధతిలో తామున్నాయి.

2022 జనవరిలో వచ్చిన 5.9 నుంచి ఈ పొర స్వరూపమే మారింది. ఇప్పుడు మూసలను కూడా దిమ్మెలు పేర్చినట్టు తెర మీదే మార్చుకోవచ్చు. అలా మార్చినవి ఫైలులో కాక దత్తాంశనిధిలోకి వెళ్తాయి. మాటా వేషమూ మళ్ళీ ఒకే కొట్టంలో, అరలు వేరైనా సరే! సౌకర్యమే, కాదనను. పద్యానికంటూ ఒక దిమ్మెను 2018లోనే 5.0 తో ఇచ్చినవారి మీద నాకు గౌరవమూ ఉంది. కానీ నా నియమాలు చదవదగిన ఒక ఫైలులో ఉంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఫోను ఆయనకు ఎలాగూ లాభం లేదని కాగితం కోసం ఇంకో శైలి రాశాను. అచ్చుకు పంపినప్పుడు పక్కపట్టీ, తలకట్టు, లంకెలు మాయమై, పద్యం పద్దెనిమిది పాయింట్ల అక్షరంతో పుటకొకటిగా వస్తుంది. మొదటి యాభై పుటలు తెనాలికి పంపాను. నెల తిరిగాక కట్ట వెనక్కి వచ్చింది. ఆరో పద్యం మూడో పాదంలో ఒక విశేషణాన్ని పెన్సిలుతో కొట్టి, పైన అంతే గణాలకు సరిపడే ఇంకో మాట రాశారు. పక్కన చిన్నగా, “ముప్పై ఏళ్ళుగా నచ్చలేదు, ఇప్పుడు దొరికింది.” నిధిలో ఆ ఒక్క మాటను మార్చాను. ఫోనులోను, కంప్యూటరులోను, కాగితం మీదా మారింది. ఏడో పద్యం నుంచి ఆయన ఇంకా చూస్తున్నారు.