పురానాపూల్ మీదుగా

హైదరాబాద్ చూడడానికి వచ్చేవాళ్లు ఏమేం చూడాలో ముందే అనుకుని వస్తారు. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రానికి ట్యాంక్‌బండ్. నడుమ లాడ్‌బజార్‌లో గాజులు, ఎక్కడో ఒకచోట బిర్యానీ. ఇవేవీ చూడదగనివి కావు. అయితే ఇలా ఒకదాని తర్వాత ఒకటి చూసి వెళ్లినవాళ్లకు ఇవన్నీ ఒకే ఊరివన్న సంగతి అంతుపట్టదు. గోల్కొండ ఒక రాజు కోరిక, చార్మినార్ మరో రాజు కోరిక, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు నిజాం వైభవం అన్నట్టు ఎవరి కథ వారిదిగా మిగిలిపోతుంది. రాజులు కోరుకున్న మాట నిజమే. కానీ ఇక్కడే ఎందుకు కట్టారు, ఆ ఏటే ఎందుకు కట్టారు అని అడిగితే, చాలాసార్లు జవాబు నీళ్ల దగ్గరికి పోతుంది. నీళ్లు ఎక్కడ దొరికాయి, వాటిని ఎలా దాటారు, ఎప్పుడు అవి ఊరి మీద పడ్డాయి, ఆ తర్వాత వాటిని ఎలా కట్టడి చేశారు? ఈ వరసలో నడిస్తే నాలుగు వందల ఏళ్ల నగరం ఒక్క కథగా అర్థమవుతుంది. అందుకే ఈ ఊరికి కొత్తగా వచ్చినవారు చార్మినార్ దగ్గర కాక మూసీ మీది పాత వంతెన, పురానాపూల్ దగ్గర మొదలుపెట్టాలని నా వాదన.

ఆ వంతెనకు ముందు గోల్కొండ ఉంది. కోటకు వెళ్లినవాళ్లు కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొట్టి పైన బాలాహిస్సార్‌లో వినిపించాయా అని చూస్తారు. అదే కోట గోడల్లో మట్టి గొట్టాలు కనిపిస్తాయి. వాటి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. గుట్ట మీద కట్టిన కోటకు నీరు కిందినుంచి ఎక్కాలి. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని చక్రాలతో ఒక మెట్టు తర్వాత మరో మెట్టుకు తోడి, తొట్టెల్లో నింపి, ఆ గొట్టాల ద్వారా మహళ్లకూ తోటలకూ పంపారు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట దాహంతో లొంగలేదు. లోపలివాడొకడు తలుపు తీయడంతో లొంగింది. యుద్ధానికి నిలిచిన ఆ ఏర్పాటు, అంతకు చాలా ముందే, పెరుగుతున్న జనానికి మాత్రం సరిపోలేదు. కోట చుట్టూ ఊరు కిక్కిరిసిపోయి నీటి ఎద్దడి వచ్చిందని, కొత్త నగరం కట్టడానికి అదొక ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, సూఫీ సాధువు హుసేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ కట్టారు. 1578లో అదే ఇబ్రహీం మూసీ మీద పురానాపూల్ కట్టించాడు. చార్మినార్ లేచింది 1591లో. అంటే ఊరికన్నా వంతెన పదమూడేళ్లు పెద్దది. నదికి అవతల ఊరు కట్టడానికి వీలు కల్పించింది ఆ వంతెనే.

ఇక్కడ భాగమతి కథ ఎదురొస్తుంది. ఇబ్రహీం కొడుకు, యువరాజు మహమ్మద్ కులీ, ప్రియురాలు భాగమతి కోసం పొంగే నదిలో గుర్రంతో దిగాడని, కొడుకు మీద బెంగతో తండ్రి వంతెన కట్టించాడని జనం చెప్పుకుంటారు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజుకు పన్నెండు పదమూడేళ్లు. కథ అందమైనదే, దాన్ని జనం నోట బతకనివ్వాలి కూడా. కానీ వంతెనకు కారణం వెతికేవాడు మ్యాప్ తెరవాలి. గోల్కొండ వజ్రాలు, బట్టలు మచిలీపట్నం రేవుకు చేరాల్సిన దారికి నది అడ్డం పడుతుంది. బండ్లు, ఎడ్లు వర్షాకాలంలోనూ దాటాలి. ఆ దారి మీదనే చార్మినార్ నిలిచింది. దానికి ఉత్తరాన నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ ఉంది. ఇవాళ వాహనాలు చుట్టూ తిరిగే చిన్న తొట్టెలా కనిపిస్తుంది కానీ, కొత్త రాజధాని నడిబొడ్డున కుతుబ్ షాహీలు పెట్టుకున్నది నీటి తొట్టె అని గమనిస్తే వాళ్ల మనసులో ఏముందో తెలుస్తుంది.

నగరాన్ని నీళ్లకు కుదించడం సబబా అని ఎవరైనా అడగవచ్చు. కుతుబ్ షాహీల పేష్వా మీర్ మోమిన్ తెచ్చిన ఇరానీ నగర కల్పన, మత విశ్వాసాలు, దక్కనీ భాష, వర్తకం ఇవన్నీ ఏమైనట్టు? న్యాయమైన ప్రశ్నే. చార్మినార్‌కు నాలుగు కమానులు ఎందుకు ఉన్నాయో నీరు చెప్పలేదు. మక్కా మసీదు 1617లో మొదలై ఔరంగజేబు వచ్చాక 1694లో పూర్తవడానికి కారణాలు రాజకీయాల్లో ఉన్నాయి, నదిలో లేవు. నేననేది ఇంతే: మిగిలిన కథలన్నీ ఎవరికి వారు చెప్పుకోగలిగినవి. వాటిని ఒకదానితో ఒకటి కలిపేది మాత్రం నీరు. దానికి నాకు దొరికే గట్టి సాక్ష్యం 1908.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు కింద నిలబడితే ఆ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది. మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలు తీశారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, వాటిలో 221 తెగాయి. ఈ నేలలో కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులు కట్టడం అలవాటు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మామూలు ఏడాదిలో అదే వరం. ఆ రోజు ఒక కట్ట తెగితే ఆ నీళ్లు కింది కట్టను తెంపాయి. ఆయన సూచించిన ఉపాయం, రెండు నదుల మీద ఎగువనే పెద్ద ఆనకట్టలు కట్టి, వరద వచ్చినప్పుడు పట్టడానికి ఖాళీ ఉంచడం. అలా 1920లో, గండిపేట అని పిలిచే ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపే కట్టలే ఊరి దాహం తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలిపోరనే మాట అలా పుట్టింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఒడ్లను బాగుచేసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఇప్పుడున్న రూపంలో నది వెంట లేచింది ఆ తర్వాతే. వైభవమని మనం ఫొటోలు తీసుకునే ఆ వరుసకు అడుగున ఒక విషాదం ఉంది. అది తెలియకుండా ఆ భవనాల ముందు నిలబడడం, కట్టించినవాళ్ల కన్నా పోయినవాళ్లకు చేసే అన్యాయం అనిపిస్తుంది.

మరో అభ్యంతరం మరింత సూటిగా ఉంటుంది. మూసీ ఇవాళ కంపుకొడుతోంది, రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు మురుగు ఎందుకు చూడాలి? కంపు నిజం. కాదనడం మోసం. కానీ అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది, నగరం నడుమ ఇలా మారడం కూడా ఈ ఊరి చరిత్రే. ఊరు కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, గోదావరిని ఇంకా దూరం నుంచి తెచ్చుకుంటోంది. వాడిన నీటిలో చాలా భాగం మూసీలో పోస్తోంది. గండిపేట, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 నంబరు జీవో ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో మరో జీవో వచ్చింది. 2020 అక్టోబరు వానకు కాలనీలు మునిగినప్పుడు నీరు తన పాత దారినే వెతుక్కుంది. ఇది తెలియాలంటే సమయం ఎక్కువేం అక్కర్లేదు. ఊళ్లో బోర్డులు చదివినా చాలు: నల్లకుంట, బతుకమ్మ కుంట, మాసబ్ ట్యాంక్. పాతబస్తీలో తలాబ్‌కట్ట అనే పేరుంది. మొదటి సగం ఉర్దూ, రెండో సగం తెలుగు. రెండు భాషల జనం ఒకే చెరువుగట్టుకు ఒకే పేరు పెట్టుకున్నారు. దక్కనీ సంస్కృతి గురించి రాసిన పెద్ద పుస్తకాలు చెప్పాల్సిన మాటను ఆ ఒక్క పదం చెబుతుంది.

చూడదగినది మురుగు మాత్రమే అనుకోనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో కట్టిన మీరాలం చెరువు కట్ట తిన్నగా ఉండదు. ఇరవై ఒక్క అర్ధవృత్తాలు పక్కపక్కన నిలబడి, వీపులతో నీటి బరువును మోస్తాయి. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర పూడిపోయిన మెట్లబావులను తవ్వి, రాయి రాయి పేర్చి తిరిగి నిలబెట్టారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది చివర్లో బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తకుప్ప నుంచి బయటపడి జనం ముందుకొచ్చింది. వీటి దగ్గరికి వెళ్లినవాళ్లు ఊరు మళ్లీ తన నీళ్లను చూసుకోవడం మొదలుపెట్టిందని గమనిస్తారు.

పురానాపూల్ మీద ఇవాళ వాహనాలు పోవు. కూరగాయల బళ్లు, గంపలు వరసగా ఉంటాయి. కమానుల కింద సన్నగా నల్లటి నీరు. గోల్కొండ నుంచి కొత్త ఊరికి సామాన్లతో కదిలిన మొదటి బండ్లు ఈ రాళ్ల మీదుగానే వెళ్లాయి. పక్కన కొత్తిమీర కట్టలు అమ్మే ఆమె నీళ్లు చిలకరించి ఆకులు వాడకుండా చూస్తుంటుంది.