ఎవరి వంతు ముందు?

పిల్లలూ! నేను చాలా ఏళ్ళు బళ్ళో పంతులుగా, చివర హెడ్మాస్టరుగా పనిచేశాను. ప్రార్థనకైనా, భోజనానికైనా పిల్లలు వరుసలో నిలబడవలసిందే. వరుస తప్పితే నాకు చెడ్డ కోపం.

పోయిన వేసవిలో మా మనమడు జామచెట్టు మీది నుంచి పడ్డాడు. మణికట్టు వాచింది. వాణ్ణి వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. అత్యవసర విభాగంలో ఇసుక వేస్తే రాలనంత జనం. గుమ్మం దగ్గరే ఒక నర్సు మావాణ్ణి వేళ్ళు ఆడించమన్నది. గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు వెంటనే ఎర్రబడింది. చెయ్యి కదలకుండా కట్టి, మెడకు వేలాడదీసి, ఆకుపచ్చ పట్టీ ఒకటి తగిలించి, "కూర్చోండి, తాతగారూ" అన్నది.

గంట గడిచింది. మావాడు ఏడుస్తూనే ఉన్నాడు. అంతలో ఒకామె రెండేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాడు కిక్కురుమనటం లేదు. నర్సు వాడి చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ ఏదో లెక్కపెట్టి, ఎర్ర పట్టీ కట్టి, తిన్నగా లోపలికి పంపేసింది.

నేను లేచాను. "ఇదేం న్యాయమమ్మా? మేం గంట నుంచి ఉన్నాం! నొప్పితో ఏడ్చేవాణ్ణి వదిలి, నిద్రపోయేవాణ్ణి పంపుతారా?" అని నలుగురూ వినేలా కేకలు వేశాను.

ఆమె కోప్పడలేదు. "వాడు నిద్రపోవటం లేదు, తాతగారూ. ఏడవటానికి ఊపిరి చాలటం లేదు. నిమిషానికి 60 సార్లు పీలుస్తున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆ వయసులో 40 అయితేనే మాకు భయం. మీవాడు గొంతెత్తి ఏడుస్తున్నాడంటే ఊపిరి బాగా ఆడుతున్నదన్నమాట. గోరు ఎర్రబడింది గనక చేతికి రక్తం అందుతున్నది. ఆ ఎముక కాస్త ఆగగలదు" అన్నది.

నేను కూర్చున్నాను.

ఇలా రోగులను చూసి ముందువెనకలు నిర్ణయించటాన్ని ట్రయాజ్ అంటారు. ఏరటం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. 200 ఏళ్ళ కిందట నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు, అధికారి అయినా సిపాయి అయినా, గాయం తీవ్రతను బట్టే ముందు ఎవరికి కట్టు కట్టాలో నిర్ణయించేవాడట. ఆ అధికారులలో నాలాగా ఎందరు కేకలు వేశారో! మరి ఆకుపచ్చ పట్టీ కట్టాక ఇక పట్టించుకోరనుకోకండి. స్థితి మారితే రంగూ మారుతుంది. ఆ నర్సు మధ్యలో రెండుసార్లు వచ్చి మావాడి గోరు నొక్కి చూసింది.

చివరకు మా వంతు వచ్చింది. కట్టు వేయించుకుని బయటికి వస్తుంటే, లోపలి గదిలో ఆ చంటివాడు ముక్కుకు పెట్టిన గొట్టాన్ని లాగేస్తూ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ నవ్వుతున్నది.

నర్సుతో రెండు మాటలు చెప్పుకుందామని గుమ్మం దగ్గర ఆగాను. కాని ఆమె అప్పటికే ఇంకొకరి గోరు నొక్కి చూస్తున్నది.