కడుపునొప్పి పోయిన తరవాత

మా ఇద్దరిలో ఆపరేషన్ ఎవరికి జరిగిందో ఎరిగినవారు ఎరుగుదురు. ఎరగనివారికి ఇప్పుడు చెప్పనక్కరలేదనుకుంటాము. కడుపు కోసింది ఒకరికే అయినా మారింది ఇద్దరి దినచర్యా కనుక "మేము" అనే రాస్తున్నాము.

జబ్బు పేరు దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్. క్లోమగ్రంథి ఏళ్ల తరబడి వాచి, గట్టిపడి, రాళ్లు కడుతుంది. నాలుగు ముద్దలు తింటే చాలు, నొప్పి వీపు దాకా పాకుతుంది. ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని కూర్చోవలసిందే.

ఈ పేరు వినగానే మనవాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "తాగుడేమైనా...?" పాశ్చాత్య దేశాలలో దీనికి మద్యం పెద్ద కారణమన్నది నిజమే. కాని దక్షిణ భారతంలో చుక్క ముట్టనివారికీ, పిల్లలకీ కూడా ఇది వస్తుంది. కేరళలో డాక్టర్ గీవర్గీస్ 1960లలోనే ఇటువంటి రోగులను పెద్ద సంఖ్యలో చూసి రాశారు. 2002లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు స్పింక్-1 అనే జన్యువులోని మార్పుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చూపించారు. ఆ ప్రశ్నకు జంకి, పిలుపులు వచ్చినా మేము ఇల్లు కదలని పండుగలున్నాయి.

మాకు జరిగింది క్లోమాన్ని పూర్తిగా తీసివేసి, అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలను వేరుచేసి, కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ఎక్కించే శస్త్రచికిత్స. 1977లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ సదర్లాండ్, డాక్టర్ నజేరియన్ దీనిని మొదలుపెట్టారు. 2012లో అక్కడివారు 409 మంది ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ల తరవాత ఇన్సులిన్ అక్కరలేనివారు నూటికి 30 మంది. మేము తక్కిన 70 మంది కోవలోనివాళ్లం. నొప్పి మాత్రం పోయింది. నొప్పి మందులు మానడానికే నెలలు పట్టింది.

ఆసుపత్రివారు అప్పుడప్పుడు 36 ప్రశ్నల కాగితం ఇస్తారు. మెట్లు ఎక్కగలరా? బజారు సంచులు మోయగలరా? నలుగురిలో కలుస్తున్నారా? ఉగాదినాడు పులిహోర ఎంత వడ్డించుకున్నారని మాత్రం అడగరు. మా లెక్కంతా అక్కడే ఉంది. గరిటెడు పులిహోరకు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు? గారెల నూనె అరగడానికి గొట్టం మాత్రలు ఎన్ని? ఆ మాత్రలు పంది క్లోమం నుంచి తీసినవి. మాది శాకాహారం. ఆ సంగతి తెలిసిన రాత్రి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. విజయవాడకు ఫోను చేస్తే మా ఇంటి పెద్దావిడ తేల్చేసింది: "మందుకి మడేమిటర్రా! వేసుకుని కడుపునిండా అన్నం తినండి."

తింటున్నాము. భయం లేకుండా ముద్ద నోట పెట్టుకోవడం ఎంత పెద్ద సంగతో ఇప్పుడు తెలిసింది.

మమ్మల్ని భోజనానికి పిలవడానికి సందేహించే మిత్రులకు ఒక మనవి. ప్రత్యేకంగా ఏమీ వండవద్దు. చెప్పిన వేళకు వడ్డించండి చాలు. మన ఏడు గంటలు తొమ్మిదిన్నర అయితే మాకు కష్టం. పంక్తిలో సూది పొడుచుకుంటే కంగారుపడకండి. అడగాలనిపిస్తే గట్టిగానే అడగండి, జవాబు చెబుతాము. రాబోయే సంక్రాంతి విందుకు గోంగూర పచ్చడి మా వంతు.